రబ్బరు ఇంజన్‌ది, బ్రాకెట్ బండిది: అంబాసిడర్‌లో జిప్సీ ఇంజన్ మౌంటింగుల కేసు

బండి 1984 అంబాసిడర్ మార్క్ 4, పెట్రోలు. పాత 1489 సీసీ బీ సిరీస్ ఇంజన్ దించి, మారుతి జిప్సీ ఎంపీఎఫ్ఐ ఇంజన్‌ని (జీ13బీబీ, 1298 సీసీ, 16 వాల్వులు) దాని 5 స్పీడ్ గేర్‌బాక్సుతో సహా ఎక్కించారు. ట్రాన్స్‌ఫర్ కేసు (నాలుగు చక్రాలకూ శక్తి పంచే పెట్టె) వదిలేశారు. గేర్‌బాక్సు వెనక ఫ్లాంజి నుంచి షాఫ్టు నేరుగా క్రౌన్‌కు (వెనక ఇరుసు మధ్య ఉండే గేర్ల పెట్టె) పోతుంది. ఈ మార్పిడి వేరే షెడ్డులో జరిగింది. 2,800 కిలోమీటర్లు తిరిగాక బండి తిరుపతి ఆటోనగర్‌కు చేరింది. ఇంజన్ కొలతలు బాగున్నాయి, గేర్‌బాక్సులో అరుగుదల లేదు. తేడా అంతా ఆ రెండింటినీ బండికి పట్టి ఉంచే మూడు రబ్బరు ముక్కల్లో, అంటే మౌంటింగుల్లో ఉంది.

కాగితాల మాట ముందే చెప్పుకుంటే తర్వాత అడ్డురాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజన్ మార్పు ఆర్‌సీలో ఎక్కాలి, అనుమతి ముందే తీసుకోవాలి. ఈ బండికి ఆ పని అయింది. 50 ఏళ్లు దాటిన బండ్లకు 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ మీద ఆశ ఉన్నవాళ్లు మాత్రం ఇంజన్ జోలికి పోకూడదు. ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చిన బండికి ఆ దారి మూసుకుపోతుంది.

వచ్చినప్పటి స్థితి

యజమాని చెప్పిన ఫిర్యాదులు మూడు. స్లో స్పీడులో స్టీరింగ్ చేతిలో జివ్వుమంటోంది, లోపలి అద్దంలో వెనక వచ్చే బండి రెండుగా కనిపిస్తోంది. ఎత్తులో ఫస్ట్ గేరు వేసి క్లచ్ వదిలితే బానెట్ కింద టక్కుమంటోంది, రెండు సార్లు గేరు దానంతటదే న్యూట్రల్‌కు జారింది. 65 దాటితే కాళ్ల కింద గుమ్మని మోత. వీటిని మూడు రోగాలుగా లెక్కేసి వీల్ బ్యాలెన్సింగ్, గేర్‌బాక్సు ఓవర్‌హాల్, షాఫ్టు జాయింట్లు అని మూడు మందులు చెప్పి ఉన్నారు. మొదటిది చేయించుకున్నారు కూడా.

ర్యాంపు మీద చూస్తే సాక్ష్యాలు వరసగా ఉన్నాయి. ఎడమ మౌంటింగ్ రబ్బరు ఇనుప ప్లేటు నుంచి సగం ఊడి ఉంది, టార్చి వేస్తే వెలుతురు అవతలికి పోతోంది. కుడి బ్రాకెట్‌ని 6 మి.మీ. ప్లేటుతో చేసి, 2 మి.మీ. మందం కూడా లేని ఛాసిస్ రేకుకు నేరుగా వెల్డింగ్ పెట్టారు. వెల్డింగ్ అంచున రేకు 38 మి.మీ. పొడవున చీలింది. ఫ్యాను రెక్క కౌలింగ్‌ని (ఫ్యాను చుట్టూ ఉండే కవరు) గీకిన గీత ఉంది. గేరు రాడ్డుకు ఒక పక్క, టన్నెల్ (గేర్‌బాక్సు మీద ఉబ్బెత్తుగా ఉండే నేల రేకు) రంధ్రం అంచుకు ఒక పక్క పెయింటు పోయి మెరుస్తోంది. ఇంజన్ పక్కకు తిరిగినప్పుడల్లా రాడ్డు ఆ అంచుకు ఆనుకుని, టన్నెలే గేరును బయటికి నెడుతోంది. గేర్‌బాక్సు విప్పి ఉంటే డబ్బులు దండగయ్యేవి.

ఇంకొకటి కూడా కనిపించింది. ఇంజన్ నుంచి బాడీకి ఎర్త్ పట్టీ లేదు. ఆ సంగతి తర్వాత వస్తుంది.

మౌంటింగ్‌ని తిట్టే ముందు

వణికే ఇంజన్‌కు ఎంత మంచి మౌంటింగ్ వేసినా వణుకు పోదు. 850 ఆర్‌పీఎంలో నాలుగు సిలిండర్లు సరిగా కాలితే సెకనుకు 28 దెబ్బలు పడతాయి. ఒక్క సిలిండర్ తప్పితే రెండు చుట్లకొక కుదుపు మొదలవుతుంది. అంటే సెకనుకు 7. ఏ మంచి రబ్బరు మౌంటింగ్ అయినా ఊగే సహజ వేగం సెకనుకు 7 నుంచి 10 మధ్యే ఉంటుంది కాబట్టి, మిస్‌ఫైర్ కుదుపు సరిగ్గా దాని బలహీనత మీద కొడుతుంది. మెత్తటి రబ్బరు వేసిన బండిలో మిస్‌ఫైర్ ఇంకా ఘోరంగా తెలుస్తుంది. "రబ్బరు మెత్తగా ఉంది, గట్టిది వేయండి" అనే సలహా చాలాసార్లు ఇక్కడి నుంచే పుడుతుంది.

ఈ బండిలో ఒక ప్లగ్గు గ్యాపు 1.4 మి.మీ. దాకా తెరుచుకుని ఉంది. నాలుగు ప్లగ్గులూ మార్చి, థ్రాటిల్ బాడీ కడిగి, స్లో స్పీడు 850 దగ్గర నిలబడేలా చేశాకే మౌంటింగుల కొలతలు మొదలుపెట్టాం. వణుకు కొంచెం తగ్గింది, పోలేదు.

బరువు ఎక్కడ పడుతోంది

మౌంటింగ్ ఎంపిక కేటలాగుతో మొదలు కాదు, కాటాతో మొదలవుతుంది. ఇంజన్, క్లచ్, సెల్ఫ్, ఆల్టర్నేటర్, గేర్‌బాక్సు, రెండింటి ఆయిలూ కలిపి చైన్ బ్లాకుకు వేలాడే కాటా మీద 146 కిలోలు తూగింది. పాత బీ సిరీస్ పోత ఇనుము ఇంజన్. గేర్‌బాక్సు లేకుండానే 160 కిలోల పైచిలుకు ఉంటుంది. జిప్సీది అల్యూమినియం బ్లాకు. ఈ తేడాని ఎవరూ పట్టించుకోలేదని బండి ముందు భాగం చూస్తేనే తెలుస్తోంది. ముక్కు 28 మి.మీ. పైకి లేచి నిలబడి ఉంది.

తర్వాత బరువు కేంద్రం. ఒకే గొలుసుతో వేలాడదీసి, ఇంజన్ గేర్‌బాక్సు నేలకు సమాంతరంగా నిలిచేదాకా కొక్కెం ముందుకీ వెనక్కీ జరపాలి. నిలిచాక గొలుసు నుంచి తూకపు దారం వదిలి చాక్‌పీసుతో గీత గీస్తే చాలు. ఇక్కడ ఆ గీత బెల్ హౌసింగ్ జాయింటు (ఇంజన్, గేర్‌బాక్సు కలిసే చోటు) కంటే 85 మి.మీ. ముందు పడింది.

బీ సిరీస్ ఇంజన్ ముందు ప్లేటుకు రెండు పక్కలా ఉన్న రబ్బర్ల మీద కూర్చునే రకం. అంబాసిడర్ ఛాసిస్ మీద కాళ్లు అక్కడే ఉన్నాయి. పాత షెడ్డులో ఆ కాళ్లనే వాడుకోవాలని జిప్సీ ఇంజన్ ముందు ఒక ప్లేటు చేసి, బెల్ హౌసింగ్ జాయింటుకు 400 మి.మీ. ముందు రెండు రబ్బర్లు పెట్టారు. గేర్‌బాక్సు రబ్బరు జాయింటుకు 520 మి.మీ. వెనక ఉంది. లెక్క వేస్తే ముందు రబ్బర్ల నుంచి బరువు కేంద్రం 315 మి.మీ., మొత్తం దూరం 920 మి.మీ. 146ని 315తో గుణించి 920తో భాగిస్తే గేర్‌బాక్సు రబ్బరు మీద 50 కిలోలు. ముందు రబ్బర్లకు తలా 48.

జిప్సీ ఇంజన్‌కు కంపెనీ ఇచ్చిన బ్రాకెట్ చోట్లు ఇదే ఇంజన్ మీద జాయింటుకు 190 మి.మీ. ముందున్నాయి. అక్కడి నుంచి లెక్కిస్తే గేర్‌బాక్సు రబ్బరు మీద 22 కిలోలే పడతాయి, పక్క రబ్బర్లకు తలా 62. ఒకే ఇంజన్, ఒకే గేర్‌బాక్సు రబ్బరు. పక్క రబ్బర్ల చోటు మారినందుకే దాని మీద బరువు రెండింతలు దాటింది. బెల్ హౌసింగ్ జాయింటు కూడా వంతెన మధ్యలా వంగుడు మోస్తుంది. ఘాట్ గుంతల్లో ఈ లోడు మూడింతలవుతుందని పెట్టుకుని లెక్కించాలి.

ఒక్క మిల్లీమీటరు కుంగితే చాలదు

రబ్బరు ఎంత మెత్తగా ఉండాలో చెప్పడానికి ల్యాబు అక్కర్లేదు. ఇంజన్ బరువు పడ్డప్పుడు రబ్బరు ఎన్ని మిల్లీమీటర్లు కుంగిందో వెర్నియర్‌తో కొలవాలి. 15.8ని ఆ కుంగుదల వర్గమూలంతో భాగిస్తే వచ్చేది ఆ మౌంటింగ్ మీద ఇంజన్ నిలువుగా ఊగే సహజ వేగం, హెర్ట్జ్‌లలో. 1 మి.మీ. కుంగితే 15.8, 2 కుంగితే 11.2, 4 కుంగితే 7.9. ఇంజన్ దెబ్బల వేగం దీనికి 1.4 రెట్లు దాటితేనే రబ్బరు వణుకును ఆపడం మొదలుపెడుతుంది. రెండున్నర రెట్లు దాటితే పని సవ్యంగా చేస్తున్నట్టు. అంతకు తక్కువైతే రబ్బరు ఉన్నా లేనట్టే. 1.4 లోపైతే లేకపోవడమే నయం, ఎందుకంటే అక్కడ వణుకు పెరుగుతుంది.

పాత షెడ్డులో వేసినవి గుండ్రటి బాబిన్ రబ్బర్లు. రెండు ఇనుప బిళ్లల మధ్య 40 మి.మీ. వ్యాసం, 25 మి.మీ. ఎత్తు రబ్బరు. కంప్రెసర్లకూ జనరేటర్లకూ వాడేవి. 48 కిలోల కింద 1 మి.మీ. కుంగాయి. వణుకుతున్నప్పుడు రబ్బరు నిలకడగా ఉన్నప్పటి కంటే గట్టిగా ప్రవర్తిస్తుంది. ఇలాంటి గట్టి మిశ్రమంలో ఆ తేడా 1.4 రెట్లని పెట్టుకుంటే సహజ వేగం 18.7 హెర్ట్జ్. 28.3కు 18.7 ఒకటిన్నర రెట్లు మాత్రమే. ఆ నిష్పత్తిలో వణుకులో నాలుగింట మూడు వంతులకు పైగా బాడీలోకి దిగిపోతుంది. అద్దంలో రెండు బండ్లు కనబడ్డాయంటే ఆశ్చర్యం లేదు.

నిలువు లెక్క మొదటి జల్లెడ మాత్రమే. నాలుగు సిలిండర్ల ఇంజన్ స్లో స్పీడులో ఎక్కువగా పక్కలకు, తన పొడవు చుట్టూ ఊగుతుంది. దాన్ని రబ్బర్ల మధ్య దూరం, వాటి వాలు నిర్ణయిస్తాయి. రబ్బరును నిలువుగా నొక్కితే గట్టి, పక్కకు కోతలో (పొరలు ఒకదాని మీద ఒకటి జారేలా) లాగితే మెత్తన. అందుకే కంపెనీలు పక్క మౌంటింగుల్ని వాలుగా పెడతాయి. బరువును సగం నొక్కుడులో, సగం కోతలో మోస్తూ, ఊగుడుకు మెత్తగా లొంగుతాయి. ఆ వాలు ఊరికే అందానికి పెట్టింది కాదు. బాబిన్‌ని నిటారుగా నిలబెడితే ఈ సుగుణం పోతుంది.

ఎడమదే ఎందుకు చిరిగింది

ముందు నుంచి చూస్తే క్రాంకు గడియారం ముల్లులా తిరుగుతుంది. షాఫ్టును అటు తిప్పే బలం ఇంజన్‌ని ఇటు తిప్పుతుంది. అంటే బండి ఎడమ వైపు పైకి లేస్తుంది, డ్రైవర్ వైపు కిందికి నొక్కుకుంటుంది. గేర్‌బాక్సు ఇంజన్‌కే బిగించి ఉంటుంది కాబట్టి మౌంటింగులు మోసేది ఇంజన్ టార్క్ (తిప్పే బలం) కాదు, గేర్‌బాక్సు నుంచి బయటికి వచ్చే టార్క్. ఈ తేడా మరిచిపోతే లెక్క మూడున్నర రెట్లు తప్పుతుంది. జీ13బీబీ గరిష్ఠ టార్క్ 103 న్యూటన్ మీటర్లు, ఫస్ట్ గేరు నిష్పత్తి 3.652. గుణిస్తే 376.

పాత అమరికలో రబ్బర్ల మధ్య దూరం 360 మి.మీ. ఒక్కో వైపు 106 కిలోల బలం పడుతుంది. ఎడమ రబ్బరు మీద 48 కిలోల బరువు దించుతుంటే, 106 ఎత్తుతోంది. నికరంగా 58 కిలోల లాగుడు. క్లచ్ టక్కున వదిలితే దానికి రెండింతలు అనుకోవాలి. అప్పుడు లాగుడు 160 కిలోలు దాటుతుంది. ఆ లాగుడంతా మోసేది రబ్బరు, ఇనుము అతుకు ఒక్కటే. నొక్కుడుకు పుట్టిన బాబిన్‌ని లాగుడులో పెడితే అది ఊడక ఏమవుతుంది? గేర్‌బాక్సు రబ్బరు కొంత టార్క్ మోస్తుంది, నిజమే. కానీ దాన్ని లెక్కలో కలుపుకోకుండా ఉండటమే క్షేమం.

ఇది పాత షెడ్ల తప్పే అనుకోనక్కర్లేదు. 1971 డిసెంబరులో జనరల్ మోటార్స్ దాదాపు 67 లక్షల షెవర్లే బండ్లను ఇదే కారణానికి వెనక్కి పిలిచింది. ఎడమ మౌంటింగ్ తెగి, ఇంజన్ లేచి, ఎక్సలరేటర్ లింకును తనతో లాక్కుపోయేది. కాలు తీసినా రేస్ తగ్గదు. అప్పుడు కంపెనీ బిగించింది ఇంజన్‌ని లేవనీయకుండా పట్టే ఇనుప తాడు. మన కుర్రాళ్లు మౌంటింగ్ అంటే వణుకు ఆపేది అనుకుంటారు. దాని మొదటి పని ఇంజన్‌ని బండిలో ఉంచడం.

ఏ రబ్బరు

అంబాసిడర్ పాత రబ్బర్లు మంచివే, కానీ అవి బరువైన ఇనుప ఇంజన్‌కు కొలిచినవి. తేలిక ఇంజన్ వాటి మీద సరిగా కుంగదు. పైగా చోటు తప్పు.

యజమాని పాలీయురేథేన్ బుష్‌లు తెప్పించి పెట్టుకున్నారు. గట్టిదనం షోర్ కొలతలో 85. నూనె తగిలినా పాడవవు, చిరగవు, రేసు బండికి మంచివి. స్లో స్పీడులో మాత్రం ఇవి దాదాపు ఇనుమే. అంబాసిడర్ బాడీ ఒక పెద్ద రేకు డబ్బా, ఏ మోత పంపినా దాన్ని పెంచి చెబుతుంది. వద్దన్నాం.

కొత్త డీజిల్ కార్ల హైడ్రాలిక్ మౌంటింగులు చూడ్డానికి ఊరిస్తాయి. లోపల ద్రవం, దాన్ని చిన్న దారిలో అటూ ఇటూ నెట్టి ఊగుడును చంపే ఏర్పాటు. కానీ ఆ దారి పొడవు, వెడల్పు ఒక్క ఇంజన్ బరువుకు, ఒక్క కోణానికి కుదిర్చినవి. వేరే ఇంజన్ కింద వేరే వాలులో పెడితే ఖరీదైన మామూలు రబ్బరు అవుతుంది. కారితే అది కూడా కాదు.

మిగిలింది జిప్సీ సొంత మౌంటింగులే. పక్కల రెండు, గేర్‌బాక్సు కింద ఒకటి. వీటిని ఇదే ఇంజన్, ఇదే గేర్‌బాక్సు, ఇదే టార్క్ కోసం చేశారు. ట్రాన్స్‌ఫర్ కేసుకు జిప్సీలో వేరే మౌంటింగులు ఉన్నాయి కాబట్టి అది లేకపోయినా బరువు లెక్క మారదు. బండి అంబాసిడరా, జిప్సీయా అన్నది రబ్బరుకు దాదాపు తెలియదు. దానికి తెలిసింది ఇంజన్ బరువు, ఇంజన్ దెబ్బలు, గేర్‌బాక్సు టార్క్. అందుకే రబ్బరును ఇంజన్‌ని చూసి ఎంచుకోవాలి, బ్రాకెట్‌ను బండిని చూసి చేసుకోవాలి. ఈ షెడ్డులో రూలు అదే.

అయితే అంగట్లో దొరికేదంతా ఒకటి కాదు. సామాన్యుల కోసం జిప్సీ తయారీ 2019లో ఆగింది, నకిలీలు నిండిపోయాయి. చెన్నై పుదుపేట నుంచి ఒక జత, ఇక్కడే ఒక జత తెచ్చి పోల్చాం. పరీక్ష ఇలా: రబ్బరును బ్రాకెట్ వాలులోనే కుదిరే చెక్క దిమ్మె మీద పెట్టి, పైన పలక, దాని మీద 50 కిలోల సిమెంటు బస్తా, 12 కిలోల పాత ఫ్లైవీలు. పది నిమిషాలు ఆగి కొలవాలి, రబ్బరు వెంటనే పూర్తిగా కుంగదు. అసలుది 3.2 మి.మీ. కుంగింది, షోర్ మీటరు 52 చూపింది. నకిలీది 1.7 కుంగింది, మీటరు 68. రెండూ చేతికి ఒకేలా ఉన్నాయి, పెట్టె మీద రాత కూడా ఒకటే.

3.2 మి.మీ.కి లెక్క 8.8 హెర్ట్జ్. వణుకులో గట్టిదనం కలిపితే 9.7. 28.3కు ఇది మూడు రెట్లకు దగ్గర. ఆ లెక్కన బాడీలోకి దిగేది నూటికి 13 వంతులు.

బ్రాకెట్

ఇంజన్ వైపు జిప్సీ పోత బ్రాకెట్లే ఉంచాం. అల్యూమినియం బ్లాకులో ఎం10 బోల్టు కనీసం 15 మి.మీ. లోపలికి పట్టాలి, 20 అయితే నిశ్చింత. పాత ముందు ప్లేటు కోసం చిన్న బోల్టులు వాడి ఒక చోట మర చెడగొట్టారు, అక్కడ హెలికాయిల్ (కొత్త మర ఇచ్చే తీగ చుట్ట) వేయాల్సి వచ్చింది.

రబ్బరు వాలును ఊహించి పెట్టకూడదు. జిప్సీ ఛాసిస్ మీద అట్ట ముక్క ఆనించి గీసుకున్న కోణాన్నే ఇక్కడ దింపాం. రబ్బర్ల మధ్య దూరం 480 మి.మీ. వచ్చింది. అదే 376 న్యూటన్ మీటర్లకు ఇప్పుడు ఒక్కో వైపు 80 కిలోలే. ఎడమ రబ్బరు మీద 62 కిలోల బరువు ఉంది కాబట్టి నికర లాగుడు 18 కిలోలు, పాత దానిలో మూడో వంతు కూడా కాదు.

ఛాసిస్ వైపు అసలు పని. రేకు పలచన, బ్రాకెట్ మందం. నేరుగా అతికితే చీలేది వెల్డింగ్ కాదు, దాని పక్క రేకు. ముందు చీలికకు రెండు చివరలా 4 మి.మీ. రంధ్రం వేసి, వీ ఆకారంలో గీకి, వెల్డింగ్ నింపి చదును చేశాం. దాని మీద 3 మి.మీ. దన్ను ప్లేటు, 180కి 110, మూలలు 15 మి.మీ. గుండ్రంగా. మధ్యలో 8 మి.మీ. రంధ్రాల ద్వారా 40 మి.మీ.కి ఒకటి చొప్పున ప్లగ్ వెల్డింగ్, ఛాసిస్ పొడవు వెంట ఉన్న అంచుల్లో ముక్కలు ముక్కలుగా. ఛాసిస్‌కు అడ్డంగా ఉన్న చివరల్ని వెల్డింగ్ లేకుండా వదిలేశాం. అక్కడ గీత పెడితే రేకు ఆ గీత వెంట చింపుకుంటూ పోతుంది.

బ్రాకెట్ 5 మి.మీ. ప్లేటుతో పెట్టె ఆకారం, లోపల రెండు ఆనుపులు. దన్ను ప్లేటుకు మూడు ఎం12, 8.8 గ్రేడు బోల్టులు ఛాసిస్ పెట్టెలోంచి ఇవతలికి. పెట్టె లోపల ఒక్కో బోల్టుకు ఇనుప గొట్టం తొడుగు తప్పనిసరి. అది లేకుండా 80 న్యూటన్ మీటర్లు బిగిస్తే పెట్టె నలిగి, రెండు వారాల్లో బోల్టు వదులవుతుంది. ఇంజన్ కూర్చునే చోట రంధ్రాల్ని 6 మి.మీ. పొడుగు చేశాం, ముందుకూ వెనక్కూ జరపడానికి.

ఎడమ వైపు అదనంగా 3 మి.మీ. కొక్కెం పట్టీ, రబ్బరు పై ప్లేటుకు 8 మి.మీ. ఎడంగా. మామూలుగా తగలదు. రబ్బరు పూర్తిగా తెగినా ఇంజన్ అంతకంటే లేవదు.

ఎక్కించే వరస

వెల్డింగ్ ముందు బ్యాటరీ తీయాలి, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) ప్లగ్గు విప్పాలి. రబ్బర్లు పెట్టి వెల్డింగ్ చేయకూడదు. వేడికి అతుకు లోపల ఊడుతుంది, బయటికి తెలియదు. బరువు పడ్డాక రబ్బరు ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తుకు, అంటే 3.2 మి.మీ. తక్కువకు, లేత్ మీద ఇనుప డమ్మీలు చేయించాం. ఇంజన్‌ని డమ్మీల మీద కూర్చోబెట్టి ట్యాకులు (చుక్క వెల్డింగులు) పెట్టి, కొలిచి, మళ్లీ దించి పూర్తి వెల్డింగ్. డమ్మీ లేకుండా కొత్త రబ్బరు ఎత్తుకు బ్రాకెట్ చేస్తే ఇంజన్ కుంగి ఛాంబర్ (కింది ఆయిల్ తొట్టె) క్రాస్ మెంబరుకు (ఛాసిస్ అడ్డ దూలం) తగులుతుంది. ఇక్కడ ఆ సందు 18 మి.మీ. మిగిలింది. ఫ్యానుకూ రేడియేటరుకూ 30, గేరు రాడ్డు చుట్టూ 20.

అసలు రబ్బర్లు వేశాక ఒక పొరపాటు జరిగింది. గేర్‌బాక్సు రబ్బరును ముందు బిగించి, పక్కవి తర్వాత బిగించారు. రబ్బరు 4 మి.మీ. పక్కకు మెలితిరిగి నిలిచింది, స్లో స్పీడులో కొత్త వణుకు మొదలైంది. అన్ని బోల్టులూ వదులు చేసి, ఇంజన్ ఐదు నిమిషాలు స్లోలో నడిపి, చేత్తో నాలుగు సార్లు ఊపి, అది కోరుకున్న చోట నిలిచాక పక్కవి ముందు, గేర్‌బాక్సుది చివర బిగిస్తే పోయింది. ఎం10 బోల్టులకు 45 న్యూటన్ మీటర్లు.

కోణం, మోత

టార్షన్ బార్లు మళ్లీ సెట్ చేసి ముక్కు దించాకే షాఫ్టు కోణాలు కొలవాలి. పాత అమరికలో గేర్‌బాక్సు వెనక్కి 6.5 డిగ్రీలు వాలి ఉంది, క్రౌన్ ముక్కు 2.6 డిగ్రీలు పైకి. ఈ రెండూ దాదాపు సమానంగా ఉంటేనే ఒక క్రాసు జాయింటు పుట్టించే హెచ్చుతగ్గుల్ని రెండోది రద్దు చేస్తుంది. దాదాపు 4 డిగ్రీల తేడా అంటే షాఫ్టు చుట్టుకు రెండుసార్లు కుదుపు. 65 దగ్గరి మోత ఇదే. కొత్త జాయింట్లు వేసినా ఉండేది.

పక్క రబ్బర్లకూ గేర్‌బాక్సు రబ్బరుకూ మధ్య 710 మి.మీ. ఉంది కాబట్టి 12.4 మి.మీ. ఎత్తు తేడా ఒక డిగ్రీ ఇస్తుంది. 3.3 డిగ్రీలకు 41. ముందు 15 దించి, తోక 26 ఎత్తాం. టన్నెల్ పైకప్పు ఆ మేరకు టింకరింగ్ చేయాల్సి వచ్చింది. ఇప్పుడు గేర్‌బాక్సు 3.2 కిందికి, క్రౌన్ 2.6 పైకి. ఆ 0.6 తేడా కావాలనే ఉంచాం. పట్టీల స్ప్రింగు బండిలో రేస్ ఇస్తే క్రౌన్ ముక్కు ఇంకా కొంచెం లేస్తుంది. గేర్‌బాక్సు వైపు ఫ్లాంజి బిగింపు కాబట్టి షాఫ్టులోనే జారుడు స్ప్లైన్ (పొడవు సర్దుకునే గాడుల జోడు) ఉండాలి. రెండు వైపులా 20 మి.మీ. ఆట చూసుకున్నాం.

మెత్తబడ్డాక బయటపడ్డవి

గట్టి మౌంటింగ్ చాలా తప్పుల్ని దాచిపెడుతుంది. ఇంజన్ స్వేచ్ఛగా ఊగడం మొదలవగానే దానికి తగిలించినవన్నీ అరుస్తాయి. మొదటి ట్రయల్‌లో స్లో స్పీడు బాగుంది, 2,200 దగ్గర కొత్త మోత. సైలెన్సర్ గొట్టం మానిఫోల్డ్ నుంచి నేరుగా బాడీకి ఇనుప క్లాంపుతో బిగించి ఉంది. రబ్బర్లను తప్పించుకుని వణుకు ఆ దారిన పోతోంది. 150 మి.మీ. మడతల బెల్లోస్ పైపు, రబ్బరు హ్యాంగర్లు వేశాక ఆగింది. ఎక్సలరేటర్ కేబులుకు అదనపు వంపు, పెట్రోలు పైపుకు రబ్బరు ముక్క, ఈసీయూ వైర్లకు 60 మి.మీ. వదులు ఇచ్చాం.

ఇప్పుడు ఎర్త్. రబ్బర్లు ఇంజన్‌ని బాడీ నుంచి కరెంటు పరంగానూ విడదీస్తాయి. సెల్ఫ్ కొట్టినప్పుడు బ్లాకుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య 1.1 వోల్టులు చూపింది. సెల్ఫ్ కరెంటు ఎక్సలరేటర్ కేబులు గుండా దారి వెతుక్కుంటోంది, కేబులు తొడుగు లోపల కరిగి ఉంది. 25 చదరపు మి.మీ. ఎర్త్ కేబులు వేశాక 0.15. మౌంటింగ్ పనిలో ఇది భాగం కాదనే వాళ్లున్నారు. రబ్బరు వేసినవాడే ఎర్త్ వేయాలి.

కుడి రబ్బరు సైలెన్సర్ గొట్టానికి 45 మి.మీ. దూరంలో ఉంది. మే నెలలో భాకరాపేట ఘాట్ ఎక్కి దిగగానే ఇన్‌ఫ్రారెడ్ మీటరు రబ్బరు మీద 118 డిగ్రీలు చూపింది. మామూలు రబ్బరు 80 దాటితే ఏడాదిలో గట్టిపడి పగుళ్లిస్తుంది. 1 మి.మీ. అల్యూమినియం రేకును మధ్యలో 10 మి.మీ. గాలి సందుతో అడ్డం పెడితే అదే ఘాట్‌లో 74. రేకును రబ్బరుకు ఆనించి కడితే లాభం లేదు, పని చేసేది సందులోని గాలి.

ఇప్పుడెలా ఉంది

స్టీరింగ్ కాలమ్‌కు ఫోను కట్టి, వణుకు కొలిచే యాప్‌లో 28 హెర్ట్జ్ దగ్గరి ఎత్తు చూస్తే పాతదానిలో నాలుగో వంతు. లెక్క ప్రకారం ఆరో వంతు రావాలి. మిగతాది సైలెన్సర్ హ్యాంగర్లు, రేడియేటర్ పైపుల గుండా వస్తున్నట్టుంది. అద్దంలో బండి ఒక్కటే కనిపిస్తోంది. చంద్రగిరి, రంగంపేట మీదుగా భాకరాపేట ఘాట్‌లో ఐదుగురితో ఫస్ట్ గేరులో ఆపి ఎత్తినా టక్కు లేదు, గేరు జారలేదు. పూతలపట్టు రోడ్డులో 90 దాకా మోత లేదు.

1,000 కిలోమీటర్లకు రబ్బర్లు మరో 0.4 మి.మీ. కుంగాయి. ఇది మామూలే, ఛాంబర్ సందు 18 నుంచి 17.6 అయింది. బోల్టులు ఒకసారి సరిచూసి వదిలేశాం. ఎడమ పట్టీ మీద తగిలిన గుర్తు లేదు.

రివర్స్‌లో ఎత్తుకు వెనక్కి తీసేటప్పుడు చిన్న వణుకు మిగిలింది. రివర్స్‌లో టార్క్ తలకిందులై కుడి వైపు లేస్తుంది, ఆ వైపు సైలెన్సర్ గొట్టం వేడి రేకుకు 6 మి.మీ. దగ్గరకొస్తోంది. 10,000 కిలోమీటర్ల చెకప్‌లో గొట్టం వంపు మార్చాలని జాబ్ కార్డులో రాసి ఉంచాం.